పోతన ముఖం ఎలా ఉంటుంది? చిత్తూరు నాగయ్య గారి కథ

పోతన గారి మీద మనం చేసిన వీడియో చూశారు కదా. అందులో టైమ్ సరిపోక వదిలేసిన ఒక మనిషి గురించి ఈ పోస్టులో చెప్పుకుందాం.

పోతన 15వ శతాబ్దపు కవి. ఆయన ఎలా ఉండేవారో చూసినవాళ్ళు ఎవరూ లేరు. అయినా మీ ఇంట్లో తాతయ్యనో అమ్మమ్మనో అడిగి చూడండి, వాళ్ళ కళ్ళ ముందు ఒక ముఖం కచ్చితంగా కనిపిస్తుంది. శాంతంగా ఉండే కళ్ళు, మెల్లగా పలికే గొంతు. ఆ ముఖం చిత్తూరు నాగయ్య గారిది. వేమన అన్నా, త్యాగయ్య అన్నా, రామదాసు అన్నా ఒక తరానికి గుర్తొచ్చేది ఆయనే. ఒకే మనిషి ఇంతమంది భక్తులుగా ఎలా నమ్మించగలిగారు?

రేపల్లె నుంచి మద్రాసు దాకా

నాగయ్య గారు 1904 మార్చి 28న రేపల్లెలో పుట్టారు. నాటకాల్లో పేరొచ్చింది మాత్రం చిత్తూరులో. అందుకే ఆ ఊరు ఆయన ఇంటిపేరులా అయిపోయింది. సంగీతం బాగా వచ్చు, పద్యం పాడితే జనం కదలకుండా వినేవారు.

కానీ ఇంట్లో దెబ్బ మీద దెబ్బ తగిలింది. భార్య పోయారు. మళ్ళీ పెళ్ళి చేసుకుంటే ఆవిడా ఎక్కువ కాలం బతకలేదు. ఆ బాధలో అన్నీ వదిలేసి తిరువణ్ణామలైలో రమణ మహర్షి ఆశ్రమానికి వెళ్ళి కొంతకాలం ఉన్నారని ఆయన జీవిత కథ చెప్పేవాళ్ళు అంటారు. 1938లో 'గృహలక్ష్మి'తో సినిమాల్లోకి వచ్చేసరికి ఆయన వయసు 34. కుర్ర హీరో వయసు దాటిపోయింది, జీవితం అప్పటికే చాలా చూపించేసింది. ఆ తర్వాత వాహినీ వారి 'వందేమాతరం' లాంటి సినిమాలతో పెద్ద నటుడయ్యారు.

అరవకుండా కదిలించడం

1943లో 'భక్త పోతన' వచ్చింది. దర్శకుడిగా కె.వి. రెడ్డి గారికి అదే మొదటి సినిమా. కథ మనకి తెలిసిందే. పొలం దున్నుకునే కవి, రాజుకి భాగవతం అంకితం ఇవ్వనంటాడు. ఇలాంటి పాత్ర దొరికితే ఛాతీ విరుచుకుని రాజుని ధిక్కరించినట్టు చేయాలనిపిస్తుంది ఎవరికైనా. నాగయ్య గారు అలా చేయలేదు. ఆయన పోతనలో కోపం దాదాపు కనిపించదు. రాముడికి ఇచ్చేసిన వస్తువు ఇంకొకరికి ఎలా ఇస్తాం అన్నంత మామూలుగా, కాస్త మొహమాటంగా కాదంటాడు. ఆ మెత్తదనం వెనక ఎంత పట్టుదల ఉందో మనకి మెల్లమెల్లగా అర్థమవుతుంది.

ఇంకో విషయం గమనించండి. అప్పట్లో స్టేజీ మీద పద్యం అంటే హార్మోనియం తోడుగా రాగం సాగదీయడం, వన్స్ మోర్ అనిపించుకోవడం. నాగయ్య గారూ అక్కడి నుంచే వచ్చారు. కానీ కెమెరా ముందు ఆ రాగాన్ని తగ్గించుకున్నారు, మాటకి అర్థం ముందు వినపడేలా పాడారు. పాడేది ఆయనే, నటించేదీ ఆయనే. 'పోతన'కి సంగీతంలో కూడా ఆయన చెయ్యి ఉంది. అందుకే పాటకీ ముఖానికీ మధ్య ఎక్కడా అతుకు కనిపించదు.

1946లో 'త్యాగయ్య' తీశారు. దర్శకత్వం కూడా ఆయనదే. తిరువాన్కూరు మహారాజా ఆయన్ని అభినవ త్యాగరాజు అని గౌరవించారు. మామూలు జనమైతే ఆయన ఎదురుపడితే కాళ్ళకి దణ్ణం పెట్టేవారట.

నాకైతే అన్నిటికంటే 'యోగి వేమన' (1947) ఎక్కువ ఇష్టం. మొదట్లో వేమన భోగాల్లో మునిగి తేలే మనిషి. తర్వాత బంగారం తయారు చేయాలనే పిచ్చి పడుతుంది. ప్రాణంగా చూసుకున్న అన్న కూతురు జ్యోతి చనిపోయాక ఆ బంగారం ఎందుకు అనిపిస్తుంది. అక్కడ నాగయ్య గారి ముఖంలో ఏడుపు కంటే శూన్యం ఎక్కువ కనిపిస్తుంది. సొంత ఇంట్లో మరణాన్ని అంత దగ్గరగా చూసిన మనిషి ఆ సీన్ చేస్తున్నారని తెలిస్తే, దాన్ని చూసే తీరే మారిపోతుంది.

ఇచ్చేయడం ఆగలేదు

తెర మీద పోతన రాజు డబ్బు వద్దన్నాడు. తెర బయట నాగయ్య గారికి డబ్బు బాగానే వచ్చింది. ఆయన దాన్ని దాచుకోలేదు. మద్రాసులో ఆయన ఇంటికి ఎవరొచ్చినా భోజనం ఉండేది. అడిగినవాళ్ళకి లెక్క చూసుకోకుండా ఇచ్చేవారు. సొంత సినిమాల మీద కూడా చాలా పోయింది. ఏళ్ళ తరబడి కష్టపడి తీసిన 'భక్త రామదాసు' 1964లో వచ్చింది కానీ ఆయన్ని అప్పుల్లోంచి బయట పడేయలేదు. గుడి కట్టి చెరసాల పాలైన రామదాసు కథ తీస్తూ ఆయనే నష్టపోయారు.

1965లో పద్మశ్రీ వచ్చింది. అప్పటికే ఆయన చిన్న చిన్న వేషాలు వేస్తున్నారు. 1963 'లవకుశ'లో వాల్మీకి గుర్తున్నారా? ఆయనే. ఆశ్రమం అంతా ఆయన వల్లే నిజం అనిపిస్తుంది. 1973 డిసెంబర్ 30న మద్రాసులో కన్నుమూశారు. చేతిలో ఏమీ మిగుల్చుకోలేదు.

మనకేంటి?

ఈ కథని రెండు రకాలుగా చెప్పొచ్చు. త్యాగమూర్తి అని దణ్ణం పెట్టేసి ఊరుకోవచ్చు. లేదా డబ్బు విషయంలో జాగ్రత్త లేని మనిషి అని పాఠం చెప్పొచ్చు. నాకు రెండూ సగమే అనిపిస్తాయి. అప్పుల బాధలో గొప్పతనం ఏమీ లేదు, అది ఆయన్ని నిజంగా నలిపేసింది. కానీ అడిగినవాడికి లేదనలేని ఆ మనసే పోతనగా, త్యాగయ్యగా మనకి కనిపించింది. దాన్ని చూసి కోట్లమంది కళ్ళు తుడుచుకున్నారు. అలా తీసుకున్నవాళ్ళలో ఆయన చివరి రోజుల్లో తోడు నిలబడింది ఎంతమంది? అడగాల్సిన ప్రశ్న అది. మన మధ్య కూడా అలా ఇచ్చేసే మనుషులు ఉంటారు. వాళ్ళ నుంచి తీసుకోవడంతో మన పని అయిపోదు, వాళ్ళ బాగోగులు చూసే బాధ్యత కూడా మనదే.

ఈ వీకెండ్ ఇంట్లో పెద్దవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని 'భక్త పోతన' చూడండి. మొదటి పావుగంట స్లోగా అనిపిస్తుంది, ఫోన్ తీయకండి. పోతన కాదు అని చెప్పే చోట ఆ గొంతు ఎంత మెత్తగా ఉందో వినండి.

వచ్చే వారం మళ్ళీ కలుద్దాం. జై శ్రీరామ్!