రాత్రివేళ మేలుకొన్న మహనీయుడు – హజ్రత్ నిజాముద్దీన్ ఔలియా (రహ్మ)

తహజ్జుద్ ఫర్జ్ నమాజు కాదు. ఇషా చదువుకొని, కొంతసేపు పడుకొని, ఊరంతా నిద్రలో ఉన్నవేళ లేచి చదివే నఫిల్ నమాజు అది. దివ్య ఖురాన్‌లో బనీ ఇస్రాయీల్ సూరా దీనిని ప్రస్తావించింది. చదవకపోతే అడిగేవారుండరు, చదివితే మెచ్చుకొనేవారూ ఉండరు. అందుకే మనస్సును శుభ్రపరచడంలో దీనికి సాటి లేదంటారు పెద్దలు. ఈ నమాజును జీవితాంతం విడువని వారిలో ఢిల్లీ హజ్రత్ నిజాముద్దీన్ ఔలియా ఒకరు.

వారు బదాయూన్‌లో జన్మించారు. పసితనంలోనే తండ్రి పోగా తల్లి బీబీ జులేఖా పెంచి చదివించింది. ఇంట్లో వండడానికి ఏమీ లేని రోజున, ఈవేళ మనం అల్లాహ్ అతిథులం అని ఆమె బిడ్డకు నచ్చజెప్పేదట. ఆ మాట వినే రోజు ఎప్పుడొస్తుందా అని ఆ పిల్లవాడు ఎదురుచూసేవాడట! ఆకలి సంగతి ఆయనకు పుస్తకాల్లో తెలిసింది కాదు.

ఇరవయ్యో యేట అజోధన్ వెళ్లి బాబా ఫరీద్ గారికి ము�రీదు అయ్యారు. తర్వాత ఢిల్లీ పక్కన, యమునా ఒడ్డున గియాస్‌పూర్‌లో స్థిరపడ్డారు. సుల్తానులను కలవడానికి ఇష్టపడలేదు గాని, పేదసాదలకు వారి ఖాన్‌ఖాహ్ తలుపు ఎప్పుడూ తెరిచే ఉండేది. లంగర్‌లో రోజూ ఎందరో భోంచేసేవారు. మన విజయనగరం ఖాదర్ వలీ బాబా దర్గాలో అన్నం తిని వచ్చినవాళ్లకి లంగర్ అంటే వేరే చెప్పక్కరలేదు గదా.

ఇషా తర్వాత అమీర్ ఖుస్రో వచ్చి కాసేపు కబుర్లు చెప్పి వెళ్లేవారు. ఆపైన గది తలుపు మూసుకొనేవారు. ఇక తెల్లవార్లూ నమాజూ, జిక్రే. ఉదయం చూసినవాళ్లకి నిద్రలేమితో ఎర్రబడిన కళ్లు కనిపించేవి.

దాదాపు ప్రతిరోజూ ఉపవాసమే. సహరీ వేళకు సేవకుడు భోజనం తెచ్చేవాడు. రెండు ముద్దలు తిని పళ్లెం పక్కకు నెట్టేసేవారు. అలా అయితే ఒంట్లో శక్తి ఏముంటుందని అతడు బతిమాలితే కన్నీళ్లు పెట్టుకొనేవారు. మసీదుల మూలల్లో, అంగళ్ల అరుగుల మీద ఎందరో పస్తు పడుకొని ఉండగా ఈ ముద్ద గొంతు దిగదనేవారు. రాత్రంతా సజ్దాలో ఉన్న మనిషికి గుర్తొచ్చింది వాళ్లే!

పొద్దల్లా కష్టపడి అలసిపోయే మనబోటివాళ్లం రాత్రంతా మేల్కోలేం. మేల్కోనక్కరలేదు కూడా. ఫజర్‌కి కాస్త ముందు లేచి రెండు రకాతులు చదివినా అది తహజ్జుదే.

1325లో మంచం పట్టారు. ఆ స్థితిలోనూ నమాజు చదివానా అని మాటిమాటికీ అడిగేవారు. చదివారని చెప్పినా మళ్లీ చదివేవారు. అవసాన కాలంలో ధాన్యపు కొట్లన్నీ తెరిపించి, ఒక్క గింజ మిగలకుండా పేదలకు పంచెయ్యమన్నారు. పంచాక నేల చీపురుతో ఊడ్పించారు.