అక్షరాలు దిద్దించిన మహారచయిత

ప్రపంచ నవలా సాహిత్యంలో లియో టాల్‌స్టాయ్‌ది అగ్రస్థానం. 'యుద్ధము - శాంతి', 'అన్నా కెరినినా' నవలలు ఆయనకు విశ్వవిఖ్యాతిని సంపాదించిపెట్టాయి. అయితే రష్యా దేశపు బాలబాలికలకు ఆయన తొలిసారి పరిచయమయ్యేది ఈ బృహన్నవలల ద్వారా కాదు. అన్నతో సమానంగా బడికి వెళ్ళాలని తహతహలాడిన ఫిలిపోక్ అనే పసివాడి కథ, మూడు ఎలుగుబంట్ల కథ, సింహమూ కుక్కపిల్లా స్నేహం చేసిన కథ వారికి ఆయనను ముందుగా పరిచయం చేస్తాయి. అంతటి రచయిత ఇంత చిన్న కథలు రాయడం వెనుక ఒక జీవితకాలపు తపన దాగి ఉంది.

టాల్‌స్టాయ్ 1828 సెప్టెంబరు 9న మాస్కోకు దక్షిణంగా ఉన్న తూలా ప్రాంతంలోని యాస్నయ పొల్యానా అనే ఎస్టేటులో, సంపన్నమైన జమీందారీ వంశంలో జన్మించాడు. రెండేళ్ళు నిండకముందే తల్లినీ, తొమ్మిదో ఏట తండ్రినీ కోల్పోయి బంధువుల పెంపకంలో పెరిగాడు. ఆ బాల్యంలో ఆయనకు వెలుగునిచ్చినవాడు పెద్దన్న నికొలాయ్. మనుషులందరూ సుఖంగా, కలహాలు లేకుండా జీవించే రహస్యం ఒక ఆకుపచ్చని కర్రపై రాసి ఉందనీ, ఆ కర్రను తమ తోటలోని లోయ అంచున పాతిపెట్టారనీ నికొలాయ్ తమ్ముళ్ళకు చెప్పేవాడు. ఆ మాట టాల్‌స్టాయ్ మనసులో చెరగని ముద్ర వేసింది.

1844లో ఆయన కజాన్ విశ్వవిద్యాలయంలో ప్రాచ్యభాషల విద్యార్థిగా చేరాడు. తరువాత న్యాయశాస్త్రానికి మారాడు. అక్కడి బోధన ఆయనకు తృప్తినివ్వలేదు. తానుగా ఎంచుకున్న గ్రంథాలను ఇష్టంతో చదివిన ఆ యువకుడు, పరీక్షల కోసం చదవలేక 1847లో పట్టా పుచ్చుకోకుండానే ఇంటికి తిరిగి వచ్చాడు. 1851లో కాకసస్ పర్వత ప్రాంతానికి వెళ్ళి సైన్యంలో చేరాడు. 1852లో ప్రచురితమైన 'బాల్యం' అనే తొలి రచన ఆయనకు రచయితగా గుర్తింపు తెచ్చింది. క్రిమియా యుద్ధంలో సెవస్తోపోల్ కోట రక్షణలో పాల్గొని, యుద్ధ బీభత్సాన్ని కళ్ళారా చూసి, ఉన్నదున్నట్లు చిత్రించాడు.

ఆనాటి రష్యాలో కోట్లాది రైతులు భూస్వాములకు కట్టుబానిసలుగా ఉండేవారు. వారికి చదువు అందని పండు. తన వంటివారు రాసే పుస్తకాలను ఆ రైతులు చదవలేరన్న నిజం టాల్‌స్టాయ్‌ను కలచివేసింది. 1859లో ఆయన తన ఎస్టేటులోనే రైతుబిడ్డల కోసం ఒక పాఠశాలను నెలకొల్పాడు. బోధనలోని మెలకువలు తెలుసుకోవడానికి 1860లో విదేశయాత్రకు బయలుదేరి జర్మనీ, ఫ్రాన్స్, ఇంగ్లండ్ మొదలైన దేశాల విద్యాలయాలను పరిశీలించాడు. చాలాచోట్ల బెత్తం దెబ్బలు, అర్థం తెలియని వల్లెవేతలే కనిపించాయి. ఆ యాత్రలోనే ప్రాణసమానుడైన నికొలాయ్ క్షయవ్యాధితో మరణించాడు. ఆ దుఃఖాన్ని దిగమింగుకొని 1861లో స్వదేశానికి తిరిగివచ్చాడు. రష్యాలో కట్టుబానిసత్వం రద్దయిన సంవత్సరం అదే.

యాస్నయ పొల్యానా పాఠశాలలో శిక్షలు లేవు, ఇంటిపని లేదు. పిల్లలు పుస్తకాలు మోయకుండా ఉత్త చేతులతో వచ్చేవారు. ఇష్టమైనచోట కూర్చునేవారు. విసుగనిపిస్తే లేచి వెళ్ళే స్వేచ్ఛ కూడా వారికి ఉండేది. ఆ స్వేచ్ఛే గురువుకు పరీక్షగా మారింది. పాఠం బాగుంటే పిల్లలు చీకటిపడినా కదిలేవారు కారు. బాగులేకపోతే గోల మొదలయ్యేది. పుష్కిన్, గొగోల్ వంటి మహారచయితల రచనలను చదివి వినిపించినప్పుడు ఆ భాష తమది కానందువల్ల పిల్లలు వాటిని అందుకోలేకపోయారు. జానపద కథలను మాత్రం చెవులు రిక్కించి విన్నారు. లోపం పిల్లలలో లేదనీ, వారికి తగిన పుస్తకాలు లేకపోవడమే అసలు లోపమనీ టాల్‌స్టాయ్ గ్రహించాడు. ఒకనాడు ఒక సామెతను కథగా అల్లుతుండగా ఇద్దరు రైతుబాలురు ఆయనకు ఎన్నో సవరణలు చెప్పారు. వారి సూచనలలోని సహజత్వం ఆయనను నివ్వెరపరచింది. ఆ అనుభవాన్ని ఆయన తన విద్యాపత్రికలో సగర్వంగా వివరించాడు.

ప్రభుత్వానికి ఈ పాఠశాల కంటగింపయింది. 1862 జులైలో ఆయన ఇంటలేని సమయంలో పోలీసులు యాస్నయ పొల్యానాపై దాడి చేసి రెండు రోజులపాటు సోదా చేశారు. నేరానికి ఆధారం ఏదీ దొరకలేదు. తీవ్రంగా గాయపడిన టాల్‌స్టాయ్ చక్రవర్తికి స్వయంగా ఫిర్యాదు చేశాడు. అదే ఏడాది సెప్టెంబరులో సోఫియాను వివాహమాడాడు. కొంతకాలానికి పాఠశాల మూతపడింది. అటుపై ఆయన 'యుద్ధము - శాంతి' రచనలో మునిగిపోయి 1869లో దానిని పూర్తిచేశాడు.

కీర్తిశిఖరం చేరిన ఆ రచయిత మళ్ళీ అక్షరాల దగ్గరకే వచ్చాడు. 1872లో ఇంట్లోనే బడి తెరిచి, భార్యాబిడ్డలతో కలిసి రైతుపిల్లలకు చదువు చెప్పాడు. అదే సంవత్సరం 'అజ్బుక' అనే పేరుతో నాలుగు భాగాల వాచకాన్ని వెలువరించాడు. అక్షరాలు, గణితం, ప్రకృతి పాఠాలతో పాటు ఈసపు కథలు, భారతదేశపు నీతికథలు, రష్యన్ జానపద గాథలు అందులో చోటు చేసుకున్నాయి. కాకసస్‌లో శత్రువులకు చిక్కబోయి తప్పించుకున్న తన అనుభవం ఆధారంగా 'కాకసస్ ఖైదీ' కథను ఈ వాచకం కోసమే రాశాడు. బందీ అయిన రష్యన్ సైనికుడికి శత్రుపక్షపు బాలిక దీనా రహస్యంగా ఆహారం అందించి, పారిపోవడానికి సాయపడే కథ అది. రాజకుమారుడి నుండి రైతుబిడ్డ వరకు రష్యా బాలలందరూ దీనితోనే చదువు నేర్వాలని ఆయన ఆశించాడు.

ఆ ఆశ వెంటనే ఫలించలేదు. బోధనా నిపుణులు వాచకాన్ని తీవ్రంగా విమర్శించారు. ప్రతులు అమ్ముడుపోలేదు. టాల్‌స్టాయ్ నిరాశపడినా వెనుకడుగు వేయలేదు. మొత్తం పుస్తకాన్ని తిరగరాసి 1875లో 'నూతన అజ్బుక'ను, దానితోపాటు నాలుగు పఠన గ్రంథాలను తక్కువ వెలకు ప్రచురించాడు. ఈసారి పాఠశాలలు వాటిని ఆదరించాయి. ఆయన జీవితకాలంలోనే అవి అనేక ముద్రణలు పొందాయి.

జీవిత ఉత్తరార్ధంలో టాల్‌స్టాయ్ ఆడంబరాలు విడిచి సామాన్యుల జీవనాన్ని ఆదర్శంగా స్వీకరించాడు. 1884లో మిత్రులతో కలిసి పేదలకు మంచి పుస్తకాలను చౌకగా అందించే ప్రచురణ సంస్థను ప్రారంభించాడు. 1891లో, తన 1881 తరువాతి రచనలపై హక్కులను వదులుకున్నాడు. ఆ సంవత్సరమే కరవు రాగా రైతుల కోసం అన్నసత్రాలు నడిపాడు. ఆయన అహింసా సిద్ధాంతం గాంధీజీని ప్రభావితం చేసింది. 1910లో దక్షిణాఫ్రికాలో వెలసిన టాల్‌స్టాయ్ క్షేత్రంలో గాంధీజీ స్వయంగా పిల్లలకు పాఠాలు చెప్పాడు.

ఆ ఏడాది చివరలో టాల్‌స్టాయ్ ఇల్లు విడిచి వెళ్ళి, నవంబరు 20న అస్తాపవో రైల్వే స్టేషనులో కన్నుమూశాడు. ఆయన కోరిక మేరకు అన్న చెప్పిన ఆకుపచ్చని కర్ర ఉన్న లోయ అంచునే సమాధి చేశారు. దానిపై శిలువ లేదు, శిలాఫలకం లేదు. పచ్చగడ్డి కప్పిన మట్టిదిబ్బ మాత్రమే ఉంది. చదువు భయంతో కాక ఇష్టంతో సాగాలని ఆయన చేసిన కృషికి, రష్యా పిల్లలు తరతరాలుగా చదువుతున్న ఆ చిన్న కథలే చెరగని స్మారకాలు.