గ్రంథాలయ పితామహుడు అయ్యంకి

1890వ సంవత్సరమున గోదావరి సీమలోని కొంకుదురులో జన్మించిన అయ్యంకి వెంకటరమణయ్యగారిని దేశసేవకు మరల్చినది గ్రంథము కాదు, ఉపన్యాసము. 1907లో బందరునందు బిపిన్ చంద్రపాలుని ప్రసంగము వినుటతో వారి జీవితమార్గము నిర్ణయమైనది. 1914 ఏప్రిల్‌లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల ప్రథమ మహాసభను సమకూర్చిరి. పిదప ‘గ్రంథాలయ సర్వస్వము’ పత్రికను నడపిరి.

అయినను, చదువురాని కర్షకునకు పుస్తకముల బీరువా వలన ప్రయోజనమేమి? ఆనాటి ఉద్యమమునకు ఈ ప్రశ్నయే ప్రాణము. కనుకనే ఊరి గ్రంథాలయము పురాణపఠనమునకు, హరికథకు, ఉపన్యాసమునకు, మ్యాజిక్ లాంతరు బొమ్మలకు సైతము నెలవైనది. అచ్చట అక్షరజ్ఞానమును అడుగువారు లేరు.

1979లో వెంకటరమణయ్యగారు కీర్తిశేషులైరి. ఒక్క ప్రసంగము విని మేల్కొన్న ఆ మహనీయుని జీవితము మనకు చాటునది ఒక్కటే: నేడు వినవచ్చినవాడే రేపటి చదువరి.