సైకిల్ బుట్టలో దేశాలు దాటిన కోతిపిల్ల

మీది ఏ ఊరు అని ఎవరైనా అడిగితే మనం వెంటనే జవాబు చెప్పలేం. నాన్నగారిది శ్రీకాకుళమో విజయనగరమో అంటాం. పుట్టింది ఒకచోట, ఒకటో తరగతి మరోచోట, ఇప్పుడు ఉంటున్నది ఈ తాల్‌బగీచాలో. బెంగాలీలో ఆ మాటకు తాటితోపు అని అర్థం. మళ్లీ బదిలీ వస్తే ఇంకో ఊరు, ఇంకో భాష.

ఇదే ప్రశ్న వేస్తే మనకంటే ఎక్కువ తడుముకోవలసిన ఒక బొమ్మల కథకుడు ఉండేవారు. పేరు హెచ్. ఏ. రే. క్యూరియస్ జార్జ్ అనే అల్లరి కోతిపిల్లకు రూపం ఇచ్చింది ఆయనే. పుట్టింది జర్మనీలో, పౌరసత్వం బ్రెజిల్‌ది, ఆ కోతిపిల్ల మొదట పుట్టింది పారిస్‌లో, దానికి పేరు వచ్చింది అమెరికాలో. ఆయన జీవితం గురించి తెలుసుకుందాం.

ఆయన అసలు పేరు హాన్స్ అగస్టో రైయర్స్‌బాహ్. 1898 సెప్టెంబర్ 16న జర్మనీలోని హాంబర్గ్ నగరంలో ఒక యూదు కుటుంబంలో పుట్టారు. ఇంటికి దగ్గర్లోనే హాగెన్‌బెక్ జంతుప్రదర్శనశాల ఉండేది. చిన్నప్పుడు అక్కడే ఎక్కువసేపు గడుపుతూ జంతువుల బొమ్మలు వేసేవారు. వాటి గొంతులను అనుకరించడం కూడా నేర్చుకున్నారు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుడిగా పనిచేశారు. తిరిగి వచ్చాక చదువు సాగిస్తూ, ఖర్చుల కోసం సర్కస్ కంపెనీలకు పోస్టర్లు గీసేవారు.

యుద్ధం తర్వాత జర్మనీలో పనులు దొరకడం కష్టమైంది. డబ్బు విలువ పడిపోయింది. హాన్స్ 1925లో ఓడెక్కి బ్రెజిల్‌లోని రియో డి జనీరో చేరారు. అక్కడ బంధువుల కంపెనీలో స్నానాల తొట్లు అమ్మే ఉద్యోగం. అమెజాన్ నది పొడవునా తిరిగి తొట్లు అమ్మేవారు. పక్కనే నది పారుతున్నవాళ్లకు తొట్టి అమ్మడం ఎంత కష్టమో మనం ఊహించుకోవచ్చు. అయితే దారిలో కనిపించిన కోతులన్నీ ఆయన బొమ్మల పుస్తకంలోకి ఎక్కాయి.

1933లో జర్మనీలో హిట్లర్ అధికారంలోకి వచ్చాడు. యూదులను ఉద్యోగాల నుంచి తీసేశారు. 1935లో చట్టం చేసి వారి పౌరసత్వ హక్కులనే లాగేసుకున్నారు. హాంబర్గ్‌కే చెందిన మార్గరెట్ వాల్డ్‌స్టైన్ అనే యూదు యువతి ఆ రోజుల్లో దేశం విడిచి 1935లో రియో చేరారు. ఆమె చిత్రకళ, ఫొటోగ్రఫీ నేర్చుకున్నారు. హాన్స్‌కు ఆ కుటుంబం ముందే తెలుసు. తొట్లు అమ్మడం మాని బొమ్మలు వేయమని ఆమె ఆయనకు గట్టిగా చెప్పారు. ఇద్దరూ కలిసి ఒక ప్రకటనల సంస్థ పెట్టారు. ఆ ఏడాదే పెళ్లి చేసుకున్నారు. బ్రెజిల్ పౌరసత్వం తీసుకున్నారు. రైయర్స్‌బాహ్ అనే పేరు అక్కడివాళ్ల నోరు తిరగడం లేదని రే అని కుదించారు. మన ఇంటిపేర్లను పక్క రాష్ట్రాల వాళ్లు ఎలా పలుకుతారో తెలిసిన మనకు ఇది వింతగా అనిపించదు.

ఆ తర్వాత యూరప్ చూడడానికి బయలుదేరారు. పారిస్‌లో కొద్ది వారాలు ఉండాలని వెళ్లి, అక్కడ ఒక హోటల్లో నాలుగేళ్లు ఉండిపోయారు. ఒక జిరాఫీ, దానితో ఆడుకునే తొమ్మిది కోతుల కథ 1939లో ఫ్రెంచ్ భాషలో పుస్తకంగా వచ్చింది. ఆ తొమ్మిదిలో ఒక కోతిపిల్ల మరీ అల్లరిది. దాని పేరు ఫిఫి. దానికి విడిగా ఒక పుస్తకం ఉండాలని ఇద్దరికీ అనిపించింది. కథ రాసి బొమ్మలు వేయడం మొదలుపెట్టారు.

అంతలో రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. ఫ్రాన్స్‌లో జర్మన్ యాసతో మాట్లాడేవాళ్లంటే అందరికీ అనుమానమే. ఒకసారి రే దంపతులు ఉంటున్న చోటికి పోలీసులు సోదాకు వచ్చారు. వెతికితే దొరికినవి కోతుల బొమ్మలు, పిల్లల కథలు. ఇక చేసేదేమీ లేక వెళ్లిపోయారు.

1940 జూన్‌లో జర్మన్ సైన్యం పారిస్ వైపు వస్తోంది. యూదులు దాని చేతికి చిక్కితే ఏమవుతుందో అనే భయం. రైళ్లు ఆగిపోయాయి. లక్షల మంది రోడ్ల మీద పడ్డారు. ఊళ్లో కొనడానికి ఒక్క సైకిల్ కూడా మిగల్లేదు. హాన్స్ విడిభాగాలు కొని, వాటిని బిగించి రెండు సైకిళ్లు తయారుచేశారు. బుట్టల్లో పట్టేంతే సామాను. రొట్టె, జున్ను, కోట్లు, వాటితోపాటు పూర్తికావస్తున్న ఫిఫి కథ, దాని బొమ్మలు. జూన్ 12 తెల్లవారుజామున ఇద్దరూ బయలుదేరారు. సరిగ్గా రెండు రోజులకు, జూన్ 14న, జర్మన్ సైన్యం పారిస్‌లో అడుగుపెట్టింది.

పారిస్ నుంచి దక్షిణంగా ఓర్లియన్స్ పట్టణం వైపు తొక్కారు. అది ఇంచుమించు మన ఖరగ్‌పూర్ నుంచి హౌరాకు ఉన్నంత దూరం. దారిలో ఒక రాత్రి పశువుల పాకలో పడుకున్నారు. తర్వాత రైలు దొరికింది. తనిఖీ అధికారులు యాస విని అనుమానించినప్పుడు ఆ కోతి బొమ్మలే మళ్లీ వాళ్లను కాపాడాయి. పిల్లల కోసం కోతి బొమ్మలు వేసేవాళ్లను గూఢచారులని ఎవరు నమ్ముతారు? చేతిలో బ్రెజిల్ పాస్‌పోర్టులు ఉండడం మరో అదృష్టం. స్పెయిన్ మీదుగా పోర్చుగల్‌లోని లిస్బన్, అక్కడి నుంచి ఓడలో రియో, చివరికి 1940 అక్టోబర్ 14న న్యూయార్క్ చేరారు. నాలుగు నెలల ప్రయాణం. సైకిళ్లు దారిలోనే ఉండిపోయాయి, బొమ్మలు మాత్రం జాగ్రత్తగా చేరాయి. ఆ యుద్ధకాలంలో యూరప్‌లో దాదాపు 60 లక్షల మంది యూదులను చంపేశారు. ఈ ఇద్దరూ ఆ లెక్కలో చేరకుండా తప్పించుకున్నారు.

1941లో అమెరికాలో ఆ పుస్తకం అచ్చయింది. ఫిఫి పేరు జార్జ్‌గా మారింది. ఇంగ్లండ్‌లో అప్పటి రాజు పేరు కూడా జార్జే కాబట్టి, అక్కడ ఆ కోతిపిల్లను జోజో అన్నారు. ఊరు మారినప్పుడల్లా పేరు మారిన ఈ కోతి మన తోటి విద్యార్థిలాగే ఉంది కదా! ఇంకో తమాషా ఏమిటంటే, హాన్స్ దానికి తోక గీయలేదు.

ఈ కథలు చదవడానికి తేలిక, రాయడానికి కాదు. ఇద్దరూ కలిసి పాతికేళ్లలో జార్జ్ పుస్తకాలు ఏడే చేశారు. మార్గరెట్ మాటలు రాసేవారు, హాన్స్ బొమ్మలు గీసేవారు. ఒక బొమ్మ కుదరకపోతే మార్గరెట్ కోతిలా గెంతి, వంగి చూపించేవారు. ఒక్కో వాక్యం మీద ఇద్దరికీ వాదన జరిగేది. అయినా మొదట్లో అట్ట మీద హాన్స్ పేరు ఒక్కటే ఉండేది. పిల్లల పుస్తకాల్లో ఆడవాళ్ల పేర్లు ఎక్కువైపోయాయని ప్రచురణకర్తలు అనుకున్నారట. సగం పని చేసిన మనిషి పేరు అట్ట మీదికి రావడానికి ఏళ్లు పట్టింది. ఇది న్యాయం కాదని మేము అనుకుంటున్నాం.

1952లో జార్జ్ సైకిల్ తొక్కే పుస్తకం వచ్చింది. అదే ఏడు హాన్స్ నక్షత్రాల మీద కూడా ఒక పుస్తకం వేశారు. పాత పుస్తకాల్లో నక్షత్రాలను కలిపే గీతలు చూస్తే పేరుకూ ఆకారానికీ పొంతన ఉండేది కాదు. హాన్స్ ఆ గీతలను మార్చి గీశారు. ఆయన పటంలో ఎలుగుబంటి ఎలుగుబంటిలాగే ఉంటుంది, మిథునరాశి చేతులు కలిపిన ఇద్దరు మనుషుల్లా కనిపిస్తుంది. ఆ పద్ధతిలో ఆకాశం చూడడం నేర్చుకుంటున్నవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఖరగ్‌పూర్ భూమధ్యరేఖకు ఉత్తరంగా ఎంత దూరమో, రియో దక్షిణంగా దాదాపు అంతే దూరం. మనకు తక్కువ ఎత్తులో కనిపించే ధ్రువనక్షత్రం అక్కడ అసలు కనిపించదు. రెండు వైపుల ఆకాశాలనూ చూసిన మనిషి ఆయన.

హాన్స్ 1977 ఆగస్టు 26న బోస్టన్‌లో కన్నుమూశారు. మార్గరెట్ 1996 దాకా జీవించారు. వాళ్లకు పిల్లలు లేరు. వాళ్ల కోతిపిల్లను మాత్రం అనేక భాషల పిల్లలు తమదే అనుకుంటున్నారు.

హాన్స్ ఎన్నో ఊళ్లు మారారు. అయినా ఏ ఊరూ వృథా కాలేదు. హాంబర్గ్ జంతుశాల, అమెజాన్ కోతులు, పారిస్ సైకిల్ అన్నీ ఆ బొమ్మల్లోకి వచ్చాయి. ఈ ఏడాది టీసీ తీసుకుంటున్న మిత్రులకు మా మాట ఒక్కటే. మంచాలూ బీరువాలూ లారీ ఎక్కనివ్వండి. మీ డ్రాయింగ్ పుస్తకం మాత్రం మీ చేతిసంచిలోనే ఉంచుకోండి.