ఓటమికి వెరవని ప్రజాకవి కాళోజీ

పలివెల (కొత్తపేట): ఎన్నికల లెక్కింపు ముగిసిన సాయంత్రం గెలిచిన అభ్యర్థికి పూలదండలు పడతాయి. ఓడిన అభ్యర్థి మద్దతుదారులకు నమస్కారం పెట్టి మౌనంగా ఇంటిదారి పడతాడు. ఉమాకొప్పులింగేశ్వరస్వామి కొలువైన పలివెలలోనైనా, కోనసీమలోని మరే గ్రామంలోనైనా పంచాయతీ ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ కనిపించే దృశ్యమే ఇది. గెలిచినవారి పేరు పంచాయతీ కార్యాలయం గోడమీది పలకపైకి ఎక్కుతుంది. ఓడినవారి పేరు కొద్ది కాలానికే మరుగున పడుతుంది. అయితే ఓడిపోయినంత మాత్రాన చరిత్ర అందరినీ మరచిపోదు.

ఇందుకు తొలి నిదర్శనం మన జిల్లా పేరులోనే ఉంది. 2022లో ఏర్పడిన కోనసీమ జిల్లాకు డాక్టర్ బీఆర్ అంబేడ్కర్ పేరు పెట్టారు. రాజ్యాంగ రచనా సంఘానికి అధ్యక్షత వహించిన ఆ మహనీయుడు, అదే రాజ్యాంగం కింద జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికల్లో ఉత్తర బొంబాయి స్థానం నుంచి పోటీచేసి పరాజయం పొందారు. 1954లో భండారా ఉప ఎన్నికలో మరోసారి ఓడిపోయారు. ప్రజలు నేరుగా ఓటు వేసి ఎన్నుకునే లోక్‌సభలో ఆయన ఒక్క రోజైనా కూర్చోలేదు. రాజ్యసభ సభ్యుడిగానే చివరివరకు కొనసాగారు.

తెలుగునాట ఇదేవిధంగా పార్లమెంటుకూ, అసెంబ్లీకీ పోటీచేసి రెండుచోట్లా ఓడి, ప్రజల మనసుల్లో మాత్రం స్థిరంగా నిలిచిన వ్యక్తి ప్రజాకవి కాళోజీ నారాయణరావు. ఆయన కవిత్వం గురించి తెలిసినంతగా ఆయన ఎన్నికల పోరాటాల గురించి మన ప్రాంతంలో తెలియదు.

మూడు భాషల ఇల్లు

కాళోజీ 1914 సెప్టెంబర్ 9న నేటి కర్ణాటకలోని రట్టిహళ్లి గ్రామంలో జన్మించారు. తండ్రి రంగారావు మహారాష్ట్రులు, తల్లి రమాబాయి కన్నడిగులు. కుటుంబం వరంగల్ సమీపంలోని మడికొండలో స్థిరపడింది. పసితనంలోనే తల్లిని కోల్పోయిన ఆయనను అన్న రామేశ్వరరావు తల్లీతండ్రీ తానై పెంచారు. అన్న ఉర్దూలో కవిత్వం చెప్పినవారు. తమ్ముడు ఊరి ప్రజల నోట విన్న తెలుగునే తన భాషగా చేసుకున్నారు. మరాఠీ, కన్నడం, ఉర్దూ, హిందీ, ఇంగ్లిష్ భాషల్లోనూ ఆయనకు ప్రవేశం ఉండేది.

హైదరాబాద్‌లో న్యాయశాస్త్రం పూర్తిచేసిన కాళోజీ న్యాయవాద వృత్తిలో ధనార్జనపై దృష్టి పెట్టలేదు. ఆర్యసమాజం, గ్రంథాలయోద్యమం, ఆంధ్రమహాసభ, స్టేట్ కాంగ్రెస్ కార్యక్రమాల్లో పాల్గొంటూ యౌవనం గడిపారు. నిజాం పాలనలో తెలుగులో బహిరంగ సభ జరుపుకోవడం కూడా సాహసకార్యంగానే ఉండేది. వరంగల్‌లో ఆంధ్ర సారస్వత పరిషత్తు సభలను రజాకార్లు అడ్డుకోజూసినప్పుడు, అవి ఆగకుండా నిలబెట్టినవారిలో కాళోజీ ముఖ్యులు. సత్యాగ్రహంలో పాల్గొని జైలుకు వెళ్లారు. వరంగల్ కోటలో జాతీయ పతాకం ఎగురవేసేందుకు ప్రయత్నించినందుకు నగర బహిష్కరణ శిక్ష అనుభవించారు.

పాలకుడు ఎవరైనా సరే, అన్యాయం కనిపిస్తే నిలదీయాలన్న స్వభావం ఆ రోజుల్లోనే ఆయనలో స్థిరపడింది. తరువాతి కాలంలో రెండు ఎన్నికల బరిలోనూ ఆ స్వభావమే ఆయన వెంట నడిచింది.

1952: వరంగల్ లోక్‌సభ

1948 సెప్టెంబర్‌లో హైదరాబాద్ సంస్థానం భారత్‌లో విలీనమైంది. తెలంగాణ సాయుధ పోరాటాన్ని 1951 అక్టోబర్‌లో విరమించారు. ఆ వెనువెంటనే తొలి సార్వత్రిక ఎన్నికలు వచ్చాయి. హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీపై నిషేధం ఉన్నందున ఆ పక్షంవారు పీపుల్స్ డెమొక్రాటిక్ ఫ్రంట్ పేరుతో రంగంలోకి దిగారు. గ్రామాల్లో దొరల భూములపైనా, వెట్టిచాకిరిపైనా సాగిన పోరాటం ప్రజల జ్ఞాపకాల్లో ఇంకా పచ్చిగా ఉన్న సమయమది.

ఆ వాతావరణంలో 37 ఏళ్ల కాళోజీ వరంగల్ లోక్‌సభ స్థానానికి పోటీచేశారు. ఆయనకు ఎదురునిలిచినది ఫ్రంట్ నాయకుడు పెండ్యాల రాఘవరావు. ఫ్రంట్‌కు అనుకూలంగా వీచిన గాలిలో రాఘవరావు వరంగల్ లోక్‌సభ స్థానంతో పాటు రెండు అసెంబ్లీ స్థానాల్లోనూ గెలుపొంది, చివరకు పార్లమెంటు సభ్యత్వాన్నే ఉంచుకున్నారు. కాళోజీ ఓడిపోయారు.

ఆ ఓటమి ఆయన ఒక్కరిది కాదు. పక్కనున్న కరీంనగర్‌లో పీవీ నరసింహారావు కూడా ఫ్రంట్ అభ్యర్థి బద్దం ఎల్లారెడ్డి చేతిలో పరాజితులయ్యారు. నల్గొండలో రావి నారాయణరెడ్డి సాధించిన ఓట్లు నెహ్రూకు వచ్చినవాటికన్నా అధికమని దేశమంతా చెప్పుకుంది. ఒకే ఎన్నికలో, ఒకే గాలికి ఓడిన ఇద్దరు ఓరుగల్లు మిత్రుల్లో పీవీ ఆ తరువాత రాష్ట్ర శాసనసభకు, మంత్రివర్గానికి, ముఖ్యమంత్రి పీఠానికి ఎదిగి 1991లో దేశ ప్రధాని అయ్యారు. కాళోజీ ఆ మెట్లు ఎక్కే ప్రయత్నం చేయలేదు.

ఎన్నిక పోయిన మరుసటి ఏడాది, 1953లో, ఆయన కవితా సంపుటి నా గొడవ వెలువడింది. గొడవ అంటే మన వైపు తగాదా అనే అర్థమే ముందు తోస్తుంది. కాళోజీ వాడుకలో అది మనసును కలచివేసే ఆవేదన, ఊరుకోనివ్వని పట్టింపు. తన చుట్టూ జరిగిన ప్రతి అన్యాయమూ తన సొంత బాధే అన్నది ఆ పేరులోని భావం. చట్టసభలో అడగవలసిన ప్రశ్నలను ఆయన ఆ విధంగా కవిత్వంలో అడగనారంభించారు. 1958 నుంచి 1960 వరకు ఆంధ్రప్రదేశ్ శాసనమండలి సభ్యుడిగా పనిచేశారు. ఆయన చట్టసభ జీవితం ఆ స్వల్పకాలమే.

మొదట విశాలాంధ్రను సమర్థించిన కాళోజీ, అనంతర కాలంలో తెలంగాణకు న్యాయం జరగలేదని భావించి 1969 నాటి ప్రత్యేక రాష్ట్ర ఉద్యమానికి మద్దతు పలికారు. అభిప్రాయం మార్చుకున్నప్పుడు దానిని దాచుకోకుండా బాహాటంగా చెప్పడం ఆయన పద్ధతి. రాష్ట్ర విభజన విషయంలో ఆయనతో ఏకీభవించని కోస్తావాసులు సైతం ఆ నిజాయితీని శంకించలేదు.

1978: ముఖ్యమంత్రిపై పోటీ

1975 జూన్ 25న దేశంలో అత్యవసర పరిస్థితి అమలులోకి వచ్చింది. రాష్ట్రంలో అప్పటి ముఖ్యమంత్రి జలగం వెంగళరావు. ఆయన 1973 డిసెంబర్‌లో పదవి చేపట్టారు. అంతకుముందు శ్రీకాకుళ నక్సలైటు ఉద్యమాన్ని అణచివేసిన కాలంలో హోంమంత్రిగా ఉన్నారు. కార్యదక్షుడైన పాలకుడని ఆయనకు పేరుంది. అత్యవసర పరిస్థితి కాలంలో జరిగిన ఎన్‌కౌంటర్ల విషయంలో మాత్రం ఆయన ప్రభుత్వం తీవ్ర ఆరోపణలు ఎదుర్కొంది. 1975 జులైలో మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులు పోలీసు కాల్పుల్లో మరణించారు. ఎదురుకాల్పులని పోలీసులు చెప్పగా, పట్టుకుని కాల్చిచంపారని పౌరహక్కులవాదులు ఆరోపించారు. పత్రికలపై సెన్సార్‌షిప్ ఉన్నందున ఆ రోజుల్లో ఈ ప్రశ్న బహిరంగంగా వినిపించలేదు.

1977 మార్చిలో అత్యవసర పరిస్థితి తొలగిన పిమ్మట వీఎం తార్కుండే నాయకత్వంలో ఏర్పడిన పౌరహక్కుల కమిటీ ఈ ఘటనలపై విచారణ చేపట్టింది. న్యాయవాది కేజీ కన్నబిరాన్‌తో పాటు కాళోజీ కూడా అందులో సభ్యులు. కమిటీ వెలుగులోకి తెచ్చిన విషయాల ఫలితంగా జస్టిస్ భార్గవ కమిషన్ ఏర్పడింది. ఆ విచారణ పూర్తికాకుండానే ఆగిపోయింది.

న్యాయ విచారణ దారి మూసుకుపోయిన తరువాత ఇక మిగిలినది ప్రజల ముందుకు వెళ్లడమే. 1978 ఫిబ్రవరిలో రాష్ట్ర శాసనసభకు ఎన్నికలు వచ్చాయి. 63 ఏళ్ల కాళోజీ తనకు పరిచయం ఉన్న వరంగల్‌ను విడిచి, ఖమ్మం జిల్లా సత్తుపల్లిలో స్వతంత్ర అభ్యర్థిగా నిలిచారు. సత్తుపల్లి సాక్షాత్తు ముఖ్యమంత్రి సొంత నియోజకవర్గం.

గెలుపే లక్ష్యమైతే ఎవరూ ఎంచుకోని స్థానమది. స్వతంత్ర అభ్యర్థికి పార్టీ యంత్రాంగం ఉండదు. ప్రతి పోలింగ్ కేంద్రంలో ఏజెంటును కూర్చోబెట్టడమే కష్టం. గుర్తును ఊరూరా పరిచయం చేసేసరికి ప్రచార గడువు ముగిసిపోతుంది. ఓటర్లకు నీరు, రహదారి, రుణం వంటి నిత్యావసరాలు ముందుంటాయి. వాటిని తెచ్చిపెట్టగల ముఖ్యమంత్రి ఎదుట వేరే జిల్లా నుంచి వచ్చిన కవి ఏమి వాగ్దానం చేయగలరు? ఆ ఎన్నికలో ఇందిరా కాంగ్రెస్ 294 స్థానాలకు 175 గెలుచుకుని రాష్ట్రమంతటా విజృంభించింది. వెంగళరావు పక్షమైన కాంగ్రెస్ 30 స్థానాలకే పరిమితమైంది. అంతటి ఎదురుగాలిలోనూ సత్తుపల్లిలో వెంగళరావు నెగ్గారు. కాళోజీ ఓడిపోయారు.

అయినా ఆ పోటీ వృథా కాలేదు. యువకుల ప్రాణాలు తీసే అధికారం పోలీసులకు ఎవరిచ్చారన్నది అప్పటివరకు కమిటీ నివేదికల్లో, కోర్టు కాగితాల్లో ఉన్న ప్రశ్న. కాళోజీ దానిని ముఖ్యమంత్రిని ఎన్నుకునే ఓటర్ల ముందుకు తీసుకువెళ్లారు. పాలకుడు తన ఓటర్ల ఎదుట జవాబుదారీగా నిలవవలసిన సందర్భం ఎన్నిక. ఆ సందర్భంలో ప్రశ్నించే అభ్యర్థి ఒక్కరూ లేకపోతే, జవాబు చెప్పవలసిన అవసరమే పాలకుడికి కలగదు. సత్తుపల్లిలో ఆ ఖాళీని భర్తీచేయడమే కాళోజీ తలపెట్టిన పని.

వరించి వచ్చిన గౌరవాలు

ఓటమి తరువాత ఆయన మౌనం వహించలేదు. పౌరహక్కుల సభల్లోనూ, సాహిత్య వేదికలపైనా అదే నిర్మొహమాటంతో మాట్లాడుతూ వచ్చారు. ఖలీల్ జిబ్రాన్ రచనను జీవనగీత పేరుతో తెలుగులోకి తెచ్చారు. కథలు, యాత్రా రచన, ఆత్మకథ రాశారు. పుస్తకాల భాష ఒక్కటే గొప్పది కాదని, ప్రజలు మాట్లాడే యాసకు అక్షరాల్లో సమాన గౌరవం దక్కాలని జీవితాంతం వాదించారు. కోనసీమ మాటతీరును చూసి నవ్వేవారిని ఎదుర్కొన్న మనవారికి ఆ వాదం తేలికగానే అర్థమవుతుంది.

1992లో కేంద్ర ప్రభుత్వం ఆయనకు పద్మవిభూషణ్ ప్రకటించింది. అప్పటి ప్రధాని, నలభై ఏళ్ల కిందట ఆయనతో పాటు ఓడిన పీవీయే. కాకతీయ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ అందించింది. 2002 నవంబర్ 13న కాళోజీ కన్నుమూశారు. ఆయన భౌతికకాయాన్ని వరంగల్‌లోని కాకతీయ వైద్య కళాశాలకు అప్పగించారు.

మరణించిన పన్నెండేళ్లకు తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది. ఆయన జన్మదినమైన సెప్టెంబర్ 9ని అక్కడి ప్రభుత్వం తెలంగాణ భాషా దినోత్సవంగా ప్రకటించింది. వరంగల్‌లోని ఆరోగ్య విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు. 2024 నవంబర్‌లో హన్మకొండలో కాళోజీ కళాక్షేత్రం ప్రారంభమైంది.

గ్రామాలకు పాఠం

మన రాష్ట్రంలో సర్పంచ్ ఎన్నికలు పార్టీ గుర్తులు లేకుండా జరగాలని చట్టం చెబుతున్నది. ఊరి మంచిచెడ్డలపై ఊరివారే నిర్భయంగా నిలబడి మాట్లాడుకోవాలన్నది అందులోని ఉద్దేశం. ఆచరణలో ఏకగ్రీవాల కోసం ఒత్తిళ్లు, ఖర్చుకు భయం, ఓడితే పరువు పోతుందన్న సంకోచం చాలామందిని నామినేషన్ దాకా రానివ్వడం లేదు. కాలువకు నీరు ఎందుకు రాలేదని, శ్మశానానికి దారి ఎందుకు లేదని అడగగలిగినవారు సైతం గెలవలేమన్న కారణంతో వెనుకడుగు వేస్తున్నారు.

అటువంటివారు కాళోజీ జీవితాన్ని ఒకసారి పరిశీలించాలి. వరంగల్‌లో ఓడినా, సత్తుపల్లిలో ఓడినా ఆయన పరువుకు వచ్చిన లోటు ఏదీ లేదు. జిల్లాకు పేరిచ్చిన అంబేడ్కర్ విషయంలోనూ జరిగినది అదే. నామినేషన్ పత్రంపై సంతకం చేసేందుకు గెలుపుపై నమ్మకం ఒక్కటే కారణం కానక్కరలేదు. పదిమంది ముందు అడగవలసిన ప్రశ్న ఒకటి ఉన్నా చాలునని ఆ ఇద్దరి జీవితాలు తెలుపుతున్నాయి.