ఒంటికన్ను పైలట్, ముక్కు బరువు విమానం

పోయిన సెమిస్టర్‌లో మా హాస్టల్ వాళ్లం కలిసి ఒక చిన్న రిమోట్ విమానం తయారు చేశాం. నేను సీఎస్ఈ, విమానాల గురించి నాకు తెలిసింది తక్కువ. అయినా మోటార్ పవర్ చాలట్లేదని గోల చేసి, పెద్ద మోటార్, దానికి తగ్గ పెద్ద బ్యాటరీ పెట్టించింది నేనే. రెండూ ముందువైపే బిగించాం. గ్రౌండ్‌లో సూపర్‌గా లేచింది. దించుదామని థ్రాటిల్ తగ్గించానో లేదో, ముక్కు కిందికి వేసి మట్టిలో దిగబడింది. మెకానికల్ సీనియర్ అన్న ఒకతను ముక్కలు ఏరుతూ, వైలీ పోస్ట్ ఎలా చనిపోయాడో చదవమన్నాడు. ఎలా చనిపోయాడో చదువుదామని మొదలుపెట్టి, ఎలా బతికాడో చదువుతూ ఉండిపోయాను.

వైలీ పోస్ట్ 1898లో అమెరికాలోని టెక్సాస్‌లో ఒక రైతు కుటుంబంలో పుట్టాడు. తర్వాత వాళ్లు ఓక్లహోమాకి మారారు. చదువు పెద్దగా అబ్బలేదు. 1913లో ఒక తిరనాళ్ల లాంటి సంతలో మొదటిసారి విమానం చూశాడు, అంతే, మనసంతా దాని మీదే. కానీ దారి తిన్నగా సాగలేదు. ఆయిల్ బావుల దగ్గర కూలి పని చేశాడు. 1921లో దారిదోపిడీ కేసులో దొరికి ఏడాదికి పైగా జైల్లో ఉన్నాడు. బయటికొచ్చాక విమాన ప్రదర్శనల్లో పారాచూట్‌తో దూకే పనికి కుదిరాడు.

1926లో ఆయిల్ బావి దగ్గర జరిగిన ప్రమాదంలో ఎడమ కన్ను పోయింది. ఒక కన్నుతో దూరం అంచనా వేయడం కష్టం, పైలట్‌కి అదే ప్రాణం. పోస్ట్ ఏం చేశాడంటే, ఫలానా చెట్టు ఎంత దూరంలో ఉందో మనసులో అనుకుని, అక్కడిదాకా అడుగులు లెక్కపెడుతూ నడిచేవాడు. అంచనా, కొలత కలిసేదాకా అదే పని. నష్టపరిహారంగా వచ్చిన డబ్బుతో ఒక పాత విమానం కొనుక్కున్నాడు. కన్ను పోయిన డబ్బుతో రెక్కలు కొనుక్కున్నాడన్నమాట.

తర్వాత ఒక ఆయిల్ వ్యాపారి దగ్గర పైలట్‌గా చేరాడు. ఆ వ్యాపారి లాక్‌హీడ్ వేగా విమానం పేరు విన్నీ మే. అందులో 1931లో హెరాల్డ్ గ్యాటీ అనే నావిగేటర్‌తో కలిసి 8 రోజుల 15 గంటల్లో భూమిని చుట్టొచ్చాడు. 1933లో ఒక్కడే బయలుదేరి 7 రోజుల 18 గంటల్లో చుట్టేశాడు. ఒంటరిగా ప్రపంచం చుట్టిన మొదటి పైలట్ అతనే. 1934లో ఇంకా పైకి వెళ్లాలని గాలి నింపిన ప్రెషర్ సూట్ తయారు చేయించాడు. రెండో సూట్‌లో ఇరుక్కుపోతే కోసి బయటికి తీయాల్సి వచ్చింది. మూడోది పనిచేసింది. ఈనాటి వ్యోమగాముల సూట్లకి అది తాత లాంటిది.

1935 నాటికి విన్నీ మే ముసలిదైపోయింది. పోస్ట్‌కి అలాస్కా మీదుగా రష్యాకి విమాన మార్గం వెతకాలని ఉంది, డబ్బు మాత్రం తక్కువ. పాత లాక్‌హీడ్ ఓరియన్ బాడీ కొన్నాడు. దానికి లాక్‌హీడ్ ఎక్స్‌ప్లోరర్ అనే ఇంకో మోడల్ రెక్క పెట్టించాడు. ఉన్న ఇంజన్ తీసి 550 హార్స్‌పవర్ ఇంజన్ పెట్టించాడు. ఈ రెండు మోడళ్లు కలవవని లాక్‌హీడ్ వాళ్లు ఆ పని చేయనన్నారు, దాంతో వేరే వర్క్‌షాప్‌లో చేయించాడు. నీళ్ల మీద దిగడానికి ఆర్డర్ చేసిన ఫ్లోట్లు టైంకి రాలేదు. ఇంకో పెద్ద విమానం కోసం చేసిన బరువైన ఫ్లోట్లు తగిలించుకున్నాడు.

ఇక్కడ కొంచెం ఫిజిక్స్. కావడి మోసేవాళ్లని చూసే ఉంటారు. ఒకవైపు బరువు పెరిగితే బద్దని భుజం మీద జరుపుకుంటారు. విమానంలో ఆ భుజం రెక్క, దాన్ని జరపలేం. ముందు 20 కిలోలు పెరిగి, అది బ్యాలెన్స్ పాయింట్‌కి 2 మీటర్ల దూరంలో ఉంటే, దాన్ని సరిచేయడానికి 5 మీటర్ల వెనక 8 కిలోలు కావాలి. అంటే మొత్తం బరువు ఇంకా పెరిగింది, గాల్లో నిలబడాలంటే స్పీడూ పెరగాలి. అందుకే ఇంజన్ మార్చినప్పుడు విమానాన్ని మళ్లీ తూచి లెక్క వేస్తారు, బ్యాటరీని తోక వైపు జరుపుతారు. తేలికైన టర్బైన్ ఇంజన్ పెడితే ముక్కునే పొడుగు చేస్తారు.

సరిచేయకపోతే ఆ ముక్కు బరువునంతా తోకే మోయాలి. తోక తనంతట తాను మోయలేదు, దాని మీద గాలి జోరుగా వీస్తేనే దానికి బలం. ఇంజన్ తిరుగుతున్నంతసేపు ప్రొపెల్లర్ గాలి సాయం చేస్తుంది కాబట్టి లోపం బయటపడదు. ఇంజన్ ఆగితే, అదీ తక్కువ స్పీడ్‌లో, తోక చేతులెత్తేస్తుంది.

1935 ఆగస్టు 15న పోస్ట్, అమెరికా అంతా ఇష్టపడే హాస్య నటుడు విల్ రోజర్స్‌తో కలిసి ఫెయిర్‌బ్యాంక్స్ నుంచి పాయింట్ బారోకి బయలుదేరాడు. వాతావరణం బాగోక దారి తప్పి ఒక సరస్సులో దిగారు. అక్కడున్న వేటగాళ్లని దారి అడిగి మళ్లీ లేచారు. కొంచెం ఎత్తుకి వెళ్లగానే ఇంజన్ ఆగిపోయింది. ముక్కు వాలిపోయి విమానం తలకిందులుగా నీళ్లలో పడింది. ఇద్దరూ చనిపోయారు. పోస్ట్‌కి అప్పుడు 36 ఏళ్లే. ఒక వేటగాడు బారో దాకా పరిగెత్తుకుంటూ వెళ్లి ఆ కబురు చెప్పాడు.

నాకు బాధ అనిపించింది ఎక్కడంటే, ఈ మనిషికి తెలివి లేక కాదు. కన్ను పోయినప్పుడు ప్రతి చెట్టు దూరాన్నీ అడుగులతో కొలిచాడు. సూట్ రెండుసార్లు ఫెయిలైతే మూడోది చేయించాడు. కానీ ఈసారి ముక్కు బరువుని సరిచేసుకోకుండా తన చేతి నైపుణ్యంతో నెట్టుకొద్దామనుకున్నాడు. నైపుణ్యం ఉన్నవాళ్లకే ఈ ప్రమాదం ఎక్కువేమో. లోపం ఉన్నా మనం నడిపించేయగలం కదా, దాంతో లోపం ఉందనే మర్చిపోతాం.

మా విమానాన్ని మళ్లీ అతికించాం. మోటార్ అదే, బ్యాటరీని మాత్రం వెనక్కి జరిపాను. ఇప్పుడు ఎగరేసే ముందు రెక్కల కింద రెండు వేళ్లు పెట్టి ఎత్తి చూస్తాను. సమంగా నిలబడితేనే స్విచ్ వేస్తాను.