డయాలిసిస్ నడుమ లోక్‌నాయక్

లోక్‌నాయక్ జయప్రకాశ్ నారాయణ్ 1902 అక్టోబరు 11న సితాబ్ దియారా గ్రామంలో జన్మించారు. 1975 జూన్‌లో అత్యవసర పరిస్థితి విధించినప్పుడు అరెస్టయి, చండీగఢ్ నిర్బంధంలో తీవ్ర అస్వస్థతకు గురయ్యారు. నవంబరులో విడుదలైన ఆయనకు మూత్రపిండాలు దెబ్బతిన్నాయని తేలింది. బొంబాయి జస్‌లోక్ ఆసుపత్రిలో చికిత్స ఆరంభమైంది. నాటి నుంచి డయాలిసిసే ప్రాణాధారం.

రక్తశుద్ధి జరిగినన్ని గంటలూ రోగిని కనిపెట్టుకుని ఉండాలి. నీరు, ఉప్పు కొలిచి ఇవ్వాలి. సహధర్మచారిణి ప్రభావతి 1973లోనే కన్నుమూయడంతో ఆ భారాన్ని వైద్య సిబ్బంది, సహచరులు వహించారు. యంత్రం కొనుగోలుకు ప్రజలు విరాళాలిచ్చారు.

ఆ ఆసరాతోనే ఆయన 1977 ఎన్నికల వేళ ప్రతిపక్షాలను జనతా పార్టీగా ఏకం చేయగలిగారు. 1979 అక్టోబరు 8న, 77వ జన్మదినానికి మూడు రోజుల ముందు, పాట్నాలో తుదిశ్వాస విడిచారు. ఆ చివరి నాలుగేళ్ల చరిత్రలో, పేరు తెలియని సేవకుల శ్రమకూ భాగముంది.